ఖాళీ అని చూపించిన చోటు

"దీన్ని ఎట్ల ముట్టిస్తరు బిడ్డా?" అని అడిగింది అనసూయ, గ్యాస్ పొయ్యి ముందు నిలబడి.

రవళి నోట్లో బ్రష్‌తోనే పరుగెత్తుకొచ్చింది. పొయ్యి నాబ్ పూర్తిగా తిప్పి ఉంది, మంట లేదు, వంటింటి నిండా గ్యాస్ వాసన. అమ్మ మాత్రం లైటర్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తోంది, ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులాగా. రవళి నాబ్ కట్టేసి, కిటికీ బార్లా తెరిచి, లైటర్ లాక్కుని, సింకులో ఉమ్మేసి, అప్పుడు గానీ ఊపిరి తీసుకోలేదు.

"నిన్న పొద్దున ఉప్మా చేసింది నువ్వే కదమ్మా."

"నేనా? ఏమో మరి, యాదికొస్తలేదు." అనసూయ నవ్వింది కూడా. "మొన్న మీ చిన్నమ్మ ఫోన్ చేస్తే ఎవలు మాట్లాడేది అన్ననంట గద. ఇయ్యాల పొయ్యి. రేపు నిన్ను గూడ అడుగుతనేమో, ఎవలమ్మా నువ్వు అని."

రవళికి నవ్వు రాలేదు. హాల్లో టీవీ పక్కనున్న పాత నల్ల డెస్క్‌టాప్ లోపలి నుంచి చప్పుడు వస్తోంది. టిక్. కాసేపు ఆగి మళ్ళీ టిక్. కొత్తవాళ్ళయితే గోడ గడియారం అనుకుంటారు, కానీ ఆ ఇంట్లో గోడ గడియారం లేదు.

ఆ డెస్క్‌టాప్‌లో ఉన్నది అమ్మ.

ఆరేళ్ళ కింద అనసూయకు మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది, కానీ నిద్రపోయిన ప్రతిసారీ లోపల కొంత తుడిచిపెట్టుకుపోయేది. ఒకరోజు పెళ్ళి, ఒకరోజు పుట్టింటి దారి, ఒకరోజు అన్నం కలుపుకోవడం. నాచారంలో ఒక చిన్న ల్యాబు వాళ్ళు, అంతా పోకముందే, మిగిలిందంతా ఒక డిస్కులోకి ఎత్తి పెట్టారు. చెవి వెనక చొక్కా గుండీ అంత బిళ్ళ కుట్టి, దానికో కేబుల్ ఇచ్చారు. ఆ బిళ్ళ పేరు 'పలక'. సాయంత్రం కుర్చీలో కూర్చుని కేబుల్ తగిలిస్తే ఆ రోజు మొత్తం డిస్కులోకి ఎక్కుతుంది. రాత్రి నిద్ర అంతా తుడిచేస్తుంది. పొద్దున మళ్ళీ కూర్చుంటే, భర్త మల్లేశం ఇచ్చిన టీ కప్పు అడుగంటేలోపు, జీవితమంతా వెనక్కి దిగుతుంది. తర్వాత ల్యాబు మూతపడింది. ఎవరి మెషిన్ వాళ్ళు తీసుకెళ్ళండి అన్నారు. మౌలాలిలోని ఈ రెండు గదుల ఇంటికి ఆ డెస్క్‌టాప్ అలా వచ్చింది. ఇప్పుడు ఆ డిస్కు చచ్చిపోతోంది, దాంతోపాటు అమ్మకు చిల్లులు పడుతున్నాయి.

"డాడీ, ఇంక ఆగేది లేదు. ఈరోజే కొత్త డిస్కుకి క్లోన్ చేసేస్తా," అంది రవళి. ఆమె బీటెక్ మూడో సంవత్సరం, కంప్యూటర్ సైన్స్. కొత్త డిస్కు కొని తెచ్చి పెట్టుకుంది కూడా.

మల్లేశం చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగాడు. రైల్వే గేటు దగ్గర ఆయనకో జిరాక్స్ షాపు ఉంది. "క్లోన్ అంటే నకలే గద?"

"అచ్చం నకలే."

"అయితే ఉన్నది ఉన్నట్టు నకలు తియ్యి. లేనిదాని జోలికి పోకు." ఆ చివరి మాట ఆయన గోడ వైపు చూస్తూ అన్నాడు. గోడ మీద, ఒకప్పుడు ఫొటో ఉన్న చోట, రంగు కొంచెం కొత్తగా ఉంది.

ఆ ఫొటోలో ఉన్నది ఉదయ్, రవళి తమ్ముడు. పదకొండేళ్ళు. అనసూయకు ల్యాబులో పలక అమర్చుతున్న వారాల్లోనే వాడికి డెంగీ వచ్చింది. ఆమె పలకతో మొట్టమొదట ఇంటికొచ్చిన రోజు, హాల్లో తెల్లబట్ట కప్పి ఉన్నాడు.

దుఃఖం ఎవరికైనా పాతబడుతుంది. డిస్కులో ఉన్నది పాతబడదు. పొద్దున దిగినప్పుడు పెళ్ళి ఎంత తాజాగా దిగుతుందో చావూ అంతే తాజాగా దిగుతుంది. ప్రతి పొద్దునా, టీ కప్పు చేతిలో ఉండగానే, ఉదయ్ అప్పుడే పోయేవాడు. ప్రతి పొద్దునా ఆమె అరుపుకు పక్కింటి వాళ్ళు వచ్చేవాళ్ళు, మొదట్లో పరుగెత్తుకుంటూ, తర్వాత నడుచుకుంటూ, తర్వాత రాలేదు. చివరికి అనసూయే అంది, తీసెయ్యమనుండ్రి, నాతోని అయితలేదు అని. చావు ఒక్కటే తీస్తే వాడేడీ అని అడుగుతుంది. అందుకని ల్యాబు ఇంజనీరు ఫణీంద్ర వచ్చి, చావునీ తీసేశాడు, పిల్లాడినీ తీసేశాడు. ఫొటోలు, బూట్లు, స్కూల్ బ్యాగు అటక మీదికి పోయాయి. బంధువులందరికీ చెప్పి పెట్టారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అనసూయకు ఒక్కతే కూతురు.

తమ్ముడి పేరు రవళి నోట్లోనే ఉండిపోయింది. అప్పుడప్పుడు బాత్రూంలో నల్లా తిప్పి, ఆ చప్పుడులో అనుకునేది.

నిరుడు క్లాసులో సార్ ఒక మాట చెప్పినప్పుడు ఆమె బెంచీ మీద కూర్చోలేకపోయింది. డిలీట్ అంటే చెరిపెయ్యడం కాదు, ఆ చోటు ఖాళీ అని బోర్డు పెట్టడం, అంతే. కొత్తది వచ్చి కూర్చునే దాకా పాతది అక్కడే, బోర్డు వెనకాల, ఎక్కడిదక్కడే ఉంటుంది. అంటే తమ్ముడు హాల్లోనే ఉన్నాడు. ఇన్నేళ్ళూ, టీవీ పక్కన.

మల్లేశం షాపుకు బయల్దేరుతుంటే రవళి గుర్తు చేసింది. "డాడీ, కొత్త డిస్కు తగిలించడానికి కేబుల్ కావాలి. డబ్బాలో రాలేదు."

"పక్క షాపోని దగ్గర ఉంటది. పట్కొస్త. నేనొచ్చేదాంక ఏం గెలకకు."

"గెలకను."

ఆయన వెళ్ళగానే గెలికింది.

క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ అప్పటికే ఎక్కించి ఉంది. తెరిస్తే డిస్కు బొమ్మ వచ్చింది, రెండు భాగాలుగా. మొదటి భాగంలో విండోస్, దాంతోపాటే జ్వరానికి ముందున్న అమ్మ జీవితమంతా. రెండో భాగంలో పలక పెట్టిన తర్వాతి రోజులు, ఒకదాని వెనక ఒకటి. నిండిన చోటు నీలం, ఖాళీ చోటు తెలుపు. మొదటి భాగం మధ్యలో ఒక తెల్లటి ముక్క ఉంది. రవళి దాని మీద వేలు పెట్టింది. స్క్రీన్ వెచ్చగా ఉంది.

క్లోనింగ్ నీలాన్ని మాత్రమే మోసుకెళ్తుంది. తెలుపును ఖాళీ అనుకుని వదిలేస్తుంది. తెలుపుతో సహా మోసే పద్ధతి కూడా ఉంది గానీ దానికి రేపు సాయంత్రం దాకా పడుతుందని చూపిస్తోంది, ఈ టిక్ టిక్ అంతసేపు బతకదు. అంటే ఈరోజు క్లోన్ చేస్తే అమ్మ కొత్త డిస్కులోకి వెళ్తుంది, తమ్ముడు పాత డిస్కుతో పాటు చెత్తలోకి వెళ్తాడు. రెండోసారి.

అలా కాకుండా ముందు, బోర్డు వెనకాల ఉన్నవాటిని తవ్వితీసే రికవరీ చేస్తే? చిల్లుల్లో జారిపోయిన పొయ్యీ చిన్నమ్మా దొరుకుతారు, ఎలాగూ దాని కోసమే చెయ్యాలి. వాడు కూడా దొరికితే తీసి వేరే డిస్కులో దాచుకోవచ్చు. అమ్మకు ఎక్కించనక్కర్లేదు. ఎక్కడో ఒకచోట ఉన్నాడంటే చాలు.

"అంతసేపు ఆ పెట్టెను చూస్తే కండ్లు పోతయ్," అంది అనసూయ. నేల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. "మూడో గల్లీల సాయమ్మ మొగడు పోయిండంట. పలకరించి రావాలె. వస్తవా?"

"నువ్వెళ్ళమ్మా. నీకిదొక డ్యూటీ." కాలనీలో ఎవరు పోయినా అందరికన్నా ముందు వెళ్ళేది అనసూయే. ముఖం తెలియని వాళ్ళింటికి కూడా వెళ్ళి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని వస్తుంది.

"డ్యూటీనే. పెండ్లికి పిలిస్తే పోవాలె, చావుకు పిలవకుంటనే పోవాలె. ఉత్త చేతుల్తోని పోవాలె, వచ్చేటప్పుడు పోయొస్త అనొద్దు. నేర్చుకో, రేపు అత్తగారింట్ల అక్కరకొస్తది."

"నేర్చుకుంటాలే." రవళి వినడం లేదు. రికవరీ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ అయిపోయింది. సెటప్ మీద రెండుసార్లు నొక్కింది.

కొత్త డిస్కు ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే, కీబోర్డు పక్కన ఉంది. కేబుల్ వచ్చేదాకా ఆగాలి. ఆగడం ఆమెకు చేతకాలేదు. స్క్రీన్ మీద చిన్న పెట్టె తెరుచుకుంది, దాని కింద పసుపు గుర్తు పక్కన నాలుగు వరసల సన్నటి అక్షరాలు. వాటిని ఎవరు చదువుతారు? వాళ్ళ కాలేజీలో ఏ పిల్లా ఎప్పుడూ చదవలేదు. టిక్కు పెట్టింది. నెక్స్ట్. ఎక్కడ ఇన్‌స్టాల్ చెయ్యాలి అని అడిగితే అది చూపించిన చోటే ఉంచేసింది. నెక్స్ట్. నెక్స్ట్. పచ్చ గీత ఎడమ నుంచి కుడికి నడిచింది, చాలా పెద్ద సాఫ్ట్‌వేర్, నింపాదిగా నడిచింది. అమ్మ ఒడిలోని చిక్కుడుకాయలన్నీ అయిపోయేసరికి గీత అవతలి అంచుకు చేరింది. ఫినిష్.

మల్లేశం కేబుల్ తెచ్చేసరికి స్కాన్ ముగిసింది. దొరికినవి వేలల్లో ఉన్నాయి. కానీ ఒక్కదానికీ పేరు లేదు. అన్నీ అంకెలే. ఏది పొయ్యి, ఏది చిన్నమ్మ, ఏది తమ్ముడు, చెప్పే దారి లేదు. ఈ ఫైళ్ళు ఏ స్క్రీన్ మీదా తెరుచుకోవు. అవి తెరుచుకునేది ఒక్క అమ్మ తలలోనే.

మల్లేశం ఆమె భుజం మీంచి చూశాడు.

"గివేంది?"

"పోయినవి. దొరికినయ్."

"అన్నీ?"

ఆమె తల ఊపింది.

"అంటే..." ఆయన గొంతు తగ్గించాడు, అనసూయ బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. "అంటే చిన్నోడు గూడ ఇందులో ఉన్నడా?"

ఇన్నేళ్ళలో వాడి గురించి డాడీ మాట్లాడటం అదే మొదలు. "ఉంటాడు డాడీ. ఏది వాడో తెలీట్లేదు, అంతే. విడదియ్యలేను. పెడితే అన్నీ పెట్టాలి, లేకపోతే ఏదీ పెట్టొద్దు."

ఆయన సోఫాలో కూలబడ్డాడు. "పెట్టకు. నీకు తెల్వది. నువ్వు బడికి పోతుంటివి, పొద్దుపొద్దున ఆమెను పట్టుకుని ఉన్నది నేను. నా చేతుల మీద ఇంకా గోర్ల గీతలున్నయ్."

"పెట్టకపోతే పొయ్యి రాదు డాడీ. పొద్దున ఇల్లంతా గ్యాసు."

"పొయ్యి కాడికి నేను పోతా."

"రేపు మెట్లు దిగడం మర్చిపోతే? మింగడం మర్చిపోతే?"

అంతలో అనసూయ ఖాళీ బకెట్‌తో లోపలికి వచ్చింది. మల్లేశం వైపు చూసి, కొంగు సర్దుకుని, మర్యాదగా పక్కకు జరిగి నిలబడింది.

"కూసోండ్రి. ఆయన షాపుకు పోయిండు. వచ్చే యాళ్ళయింది," అంది. తర్వాత రవళితో మెల్లగా, "ఎవలు బిడ్డా? మంచినీళ్ళిచ్చినవా?"

ఈసారి చిల్లు పగలే పడింది, ఇంతకుముందు ఎప్పుడూ అలా కాలేదు. మల్లేశం ఆ మంచినీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టి, రవళి ముఖం చూడకుండా, "పెట్టు," అన్నాడు. కాసేపటికి, "వాడొస్తే రానీ. ఏడ్తే ముగ్గురం ఏడుద్దాం. ఒక్కోసారి షాపుల ఆ లామినేషన్ మిషిన్ చూసి నేను ఒక్కన్నే... సరే, పెట్టు."

రవళికి కూడా ఆ మిషిన్ గుర్తొచ్చింది. ఉదయ్ సెలవుల్లో షాపులో కూర్చుని కంటబడిన ప్రతిదాన్నీ లామినేషన్ చేసేవాడు. వేపాకు, సిటీ బస్సు టికెట్టు, బిస్కెట్ కవరు. ఒకసారి అప్పడం పెట్టాడు. అది మిషిన్‌లో పొడిపొడి అయితే డాడీ తన్నబోయాడు, వాడు పరుగెత్తుతూ "ఇంక వందేళ్ళు కరకరలాడుతది డాడీ" అన్నాడు.

ముందు నీలాన్ని కొత్త డిస్కుకు క్లోన్ చేసింది. తర్వాత దొరికినవన్నీ తెచ్చి అందులో చేర్చింది. చివరి ఫైలు చేరాక పాత డిస్కు గట్టిగా రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే తిరగలేదు. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. సాయంత్రం అనసూయ కొత్త డిస్కు ముందు కూర్చుంది, ఆ రోజు ఎక్కింది, అంతా సజావుగానే సాగింది. రవళి ఆ రాత్రి నవ్వుకుంటూ పడుకుంది. పొద్దున వాడొస్తాడు.

పొద్దున మల్లేశం టీ ఇచ్చాడు. అనసూయ కేబుల్ తగిలించుకుని కూర్చుంది. తండ్రీ కూతుళ్ళు చెరో పక్క నిలబడ్డారు, పడిపోతే పట్టుకోవడానికి. కప్పు ఖాళీ అయింది. ఆమె పడిపోలేదు. లేచింది, "గట్ల గుడ్లప్పగించి చూస్తరేందయ్యా, షాపుకు పోవా?" అని వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి టక్కున వెలిగిన చప్పుడు. పోపు చిటపట. "ఇయ్యాల చెల్లెకు ఫోన్ చెయ్యాలె, మస్తు రోజులాయె," అన్న మాట.

మల్లేశం రవళి తల మీద చెయ్యి పెట్టాడు.

అప్పుడు గరిట కింద పడింది.

వాళ్ళు వెళ్ళేసరికి అనసూయ గోడకు ఆనుకుని నేల మీదికి జారిపోయి ఉంది. రెండు చేతులూ పొట్ట మీద. నోరు తెరిచి ఉంది గానీ అరుపు రావడం లేదు, వచ్చాక మాత్రం ఆగలేదు. రవళి పొయ్యి కట్టేసి అమ్మ పక్కన కూర్చుని, తనూ ఏడుస్తూ, ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి గట్టిగా, అమ్మ చెవిలో ఆ పేరు పలికింది. "ఉదయ్ అమ్మా. మన ఉదయ్."

అనసూయ ఏడుపు మధ్యలో ఆగి ఆమె ముఖంలోకి చూసింది.

"ఉదయ్ అంటే ఎవలు?"

"తమ్ముడమ్మా."

"తెల్లబట్ట కప్పిన్రు," అంది అనసూయ. "పిలగాడు. ముక్కుల దూది. మన హాల్లనే పండబెట్టిన్రు. అందరు ఏడుస్తున్నరు. ముఖం మంచిగ కనబడ్తున్నది బిడ్డా. ఎవలి పిలగాడు?"

మల్లేశం అప్పటికే అటక ఎక్కాడు. ఫొటో తెచ్చాడు, బ్యాగు తెచ్చాడు, చేతికందినదల్లా తెచ్చి ఆమె ముందు పోశాడు. "నీ కొడుకే అనసూయా. చూడు. చూడవే."

ఆమె ఫొటో చూసింది. "ఈ పిలగాడే. వీడే." వేలితో చెంప నిమిరింది. "నాకు కొడుకెక్కడిదయ్యా? నాకు రవళి ఒక్కతే గద." బ్యాగులోంచి జారిన లామినేషన్ ముక్క తీసి, వెలుగులో పెట్టి చూసింది. లోపల పొడిపొడి అయిన అప్పడం. ఏడుస్తూనే నవ్వింది. "ఎవలు చేసిన్రు గిది? అప్పడం ఎవలన్న గిట్ల చేస్తరా?"

రవళి బాల్కనీలోకి వెళ్ళి ఫణీంద్రకు ఫోన్ చేసింది. ఆయన ఇప్పుడు ఎక్కడో విజయనగరం వైపు ఉన్నాడు, పాత నంబరే. అంతా ఒక్క గుక్కలో చెప్పింది.

"ఏమ్మా, ఆ రికవరీ సాఫ్ట్‌వేర్ ఎక్కడ ఇన్‌స్టాల్ చేశావు?"

"దాంట్లోనే అంకుల్. అది చూపించిన చోటే."

"మొదటి భాగంలోనా?"

"అవును."

"చావు రెండో భాగంలో ఉందమ్మా. పలక పెట్టాక జరిగింది కదా, అది కొత్త రోజుల్లో ఉంది. దాన్నెవరూ ముట్టుకోలేదు, అందుకని పూర్తిగా వచ్చింది. బాబు పుట్టడం, పెరగడం, ఆ పదకొండేళ్ళూ మొదటి భాగంలో ఉండేవి. ఆ తెల్లగా కనిపించిన చోట. నువ్వు సాఫ్ట్‌వేర్ దాని మీద కూర్చోబెట్టావు తల్లీ."

"మళ్ళీ తీసేయొచ్చు కదా అంకుల్. చావు ఒక్కటీ."

"అప్పుడు పేర్లుండేవి, తీశాను. ఇప్పుడు వేలల్లో ఏదని తీస్తాం? ఒక్కొక్కటీ తీసి మీ అమ్మ మీదే చూడాలి. తప్పుది తీసిన ప్రతిసారీ ఆవిడ ఇంకొంత పోతుంది. అన్నీ తీసేస్తే మీ నాన్ననే గుర్తుపట్టదు. పాత డిస్కు తిరుగుతోందా?"

"లేదు."

"తిరిగినా లాభం లేదులే," అన్నాడాయన, ఓదార్పుగా అనుకుని.

అంటే రేపు పొద్దున కూడా ఇదే. ఎల్లుండీ ఇదే. తెల్లబట్ట కింద ఒక పిల్లాడు, ప్రతిరోజూ అప్పుడే పోయినవాడు, ఎవరికీ ఏమీ కానివాడు. రవళికి ఇన్‌స్టాల్ చేసేటప్పటి ఆ పచ్చ గీత గుర్తొచ్చింది. అది నడిచిన దారి పొడుగునా వాడు ఉన్నాడు. బోసినోటితో నవ్వినవాడు, స్కూలుకు వెళ్ళనని ఏడ్చినవాడు, షాపులో పరుగెత్తినవాడు. ఇన్నేళ్ళు ఎవరూ ముట్టుకోకుండా భద్రంగా ఉన్నవాడి మీద, వాడిని వెతకడానికి తెచ్చిన దాన్నే కూర్చోబెట్టింది. అప్పుడు అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

లోపలికి వచ్చేసరికి మల్లేశం ఫొటో ఒడిలో పెట్టుకుని నేల మీదే కూర్చుని ఉన్నాడు. అనసూయ లేదు. పడకగదిలో బీరువా తలుపు చప్పుడైంది. కాసేపటికి బయటికి వచ్చింది, ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ముదురు రంగు నేత చీర కట్టుకుని. కళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి, కొంగుతో ఒత్తుకుంటోంది.

"ఎక్కడికమ్మా?"

"పలకరించి రావాలె బిడ్డా. నాకే గిట్ల కడుపుల పేగు తెగినట్టున్నదంటే, ఆ పిలగాన్ని కన్నతల్లి ఎట్ల బతికున్నదో ఏమో. పక్కన ఎవలన్న ఉన్నరో లేరో." చెప్పులు వేసుకుంది. చేతులు ఖాళీగా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకుంది. గుమ్మంలో నిలబడి, గల్లీ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, వెనక్కి తిరిగింది.

"వాళ్ళిల్లు ఎక్కడ?"